మొదటి విమానం పోయింది పదకొండు నిమిషాల్లో, రెండోది తొమ్మిది గంటల్లో

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు టైములన్నీ కాగితం మీద రాసుకున్నాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి మీరు చెప్పింది క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను. గుంటూరు నుంచి ఐదుగురు బయల్దేరారు: మీరు, మీ ఆయన, ఇద్దరు పిల్లలు, మీ అత్తగారు. శంషాబాద్‌లో సాయంత్రం 6:20కి ఢిల్లీ విమానం. ఢిల్లీలో అదే రాత్రి, అంటే తెల్లవారుజామున 2:40కి లండన్ విమానం. రెండూ వేర్వేరు టికెట్లు. పొద్దున తొమ్మిదికి బయల్దేరాలనుకున్నారు, వర్జ్యం పోయేసరికి 10:50 అయింది. నార్కట్‌పల్లి దాటాక టైరు పంక్చరైంది. చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. విమానాశ్రయం ముందు కారు ఆగింది 5:12కి, మీరు కౌంటర్ దగ్గరికి చేరింది 5:31కి. కౌంటర్ మూసి అప్పటికి పదకొండు నిమిషాలైంది. ఆ తర్వాత లండన్ విమానమూ పోయింది. నాలుగు రోజులైనా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడటం లేదు. అత్తగారు "నా పూజ వల్లే ఇదంతా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. డబ్బులేమైనా తిరిగి వస్తాయా, డిసెంబర్‌లో మళ్లీ వెళ్లాలి, అప్పుడు ఇలా జరగకుండా ఏం చేయాలి అని అడిగారు.

నేను 22 ఏళ్లు చెక్-ఇన్ కౌంటర్లో పనిచేశాను. బేగంపేటలో చేరాను, 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారాక అక్కడే రిటైరయ్యాను. కౌంటర్ మూసేశాక పరుగెత్తుకుంటూ వచ్చిన కుటుంబాలను ఎన్నిటినో చూశాను. వాళ్లకు "సారీ అండీ" అని చెప్పాల్సిన మనిషిని నేనే. ఆ మాట చెప్పిన ప్రతిసారీ మనసు బరువెక్కేది. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అత్తగారి సంగతి. పూజ వల్ల విమానం పోలేదు. దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టడానికి ఆవిడకు పట్టింది పది నిమిషాలని మీరే రాశారు. వర్జ్యం వల్ల గంటా ఏభై నిమిషాలు ఆలస్యమైన మాట నిజమే. కానీ ఆ రోజు వర్జ్యం ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో వారం ముందే గోడ మీద క్యాలెండర్లో ఉంది. మీ అత్తగారు అది చూసే బయల్దేరతారని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ "తొమ్మిదికి బయల్దేరుదాం" అనే ప్లాన్ వేసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్ల నమ్మకాన్ని లెక్కలోకి తీసుకోని ప్లాన్ అది. వర్జ్యం రాకముందే ఎనిమిదికి గుమ్మం దాటి ఉంటే ఆవిడకూ తృప్తి, మీకూ టైము. ఒక్కోసారి అంత పొద్దున్నే కుదరకపోతే మన పెద్దలు చేసే పద్ధతి ఒకటుంది. మంచి గడియలో ప్రయాణపు సంచీ ఒకటి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తర్వాత మీకు వీలైన టైముకు బయల్దేరవచ్చు. అత్తగారిని అడిగి చూడండి, ఆవిడకు తెలిసే ఉంటుంది.

ఇక 6:20 లెక్క. దాదాపు అన్ని కుటుంబాలూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. టికెట్ మీద 6:20 అని ఉంటే మనసులో 6:20 అనే పడిపోతుంది. కానీ దేశంలో తిరిగే విమానాలకు మామూలుగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అంటే మీ విమానం 5:20కి. ఆ తర్వాత ఒక్క నిమిషం దాటినా కౌంటర్లో ఉన్న అమ్మాయి చేతిలో ఏమీ ఉండదు. కంప్యూటర్లో ఆ విమానం చెక్-ఇన్ మూసుకుపోతుంది. ప్రయాణికుల లెక్క, సామాను బరువు లెక్క పైవాళ్లకు వెళ్లిపోతాయి. బతిమాలితే తెరుస్తారు, తెలిసినవాళ్లుంటే పంపిస్తారు అనుకుంటారు చాలామంది. నేను పనిచేసిన రోజుల్లో మా పెద్ద ఆఫీసర్ బంధువులు వచ్చినా తెరవలేదు.

అందుకే ఇంట్లో ఫ్రిజ్ మీద రాసి పెట్టుకునేది విమానం టైము కాకూడదు, కౌంటర్ మూసే టైము. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి. ఐదుగురు మనుషులు, ఎనిమిది పెట్టెలు, ఒక వీల్‌చైర్ ఉంటే కౌంటర్ మూసే టైముకు గంటన్నర ముందు మీరు తలుపు దగ్గర ఉండాలి. అంటే 3:50. గుంటూరు నుంచి పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కి శంషాబాద్ రావడానికి ఫోన్‌లో మ్యాప్ ఐదు గంటలు అని చూపిస్తుంది. మ్యాప్‌కు మీ అత్తగారి బీపీ మాత్ర తెలియదు, పిల్లల బాత్రూమ్ తెలియదు, టిఫిన్ తెలియదు. ఇంకో గంటన్నర కలపండి. 9:20 వచ్చింది. దానికి టైరు పంక్చర్ లాంటి ఒక ఆటంకానికి గంట కేటాయించండి. 8:20. మీరు బయల్దేరింది 10:50కి. మీరు ఆలస్యమైంది పదకొండు నిమిషాలు కాదమ్మా, రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ ఎవరో ఒక్కరివి కావు.

దారి సంగతి కూడా ఒక మాట. పండుగలకు, వారాంతాలకు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు ఎంత దూరం బారులు తీరతాయో అందరికీ తెలిసిందే. సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి బయటికి వచ్చే వైపు, పండుగ అయ్యాక లోపలికి వెళ్లే వైపు. ఎల్బీ నగర్ దాకా ఊళ్లోకి రావద్దు, పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి. దూరం ఎక్కువైనా సిగ్నళ్లుండవు.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి. 5:12కి కారు ఆగింది. కౌంటర్ మూయడానికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. ఆ ఎనిమిది నిమిషాలు ఎలా గడిచాయో మీరు రాయకపోయినా నాకు కళ్ల ముందు కనిపిస్తోంది. డిక్కీ తెరుస్తారు. పైన పెట్టిన పచ్చళ్ల డబ్బా జాగ్రత్త అని ఒకరు అరుస్తారు. ట్రాలీ కోసం ఒకరు పరుగెడతారు. పెద్దావిడ సీటులోంచి దిగడానికి చెప్పులు వెతుక్కుంటారు. తలుపు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను టికెట్, పాస్‌పోర్టు చూపించమంటాడు. అప్పుడు మొదలవుతుంది: "పాస్‌పోర్టులు నీ దగ్గర లేవా?" "నీ బ్యాగులో పెట్టానుగా?" చిన్నవాడి పాస్‌పోర్టు ఇంకో సంచీలో ఉంటుంది. ఆ సంచీ ట్రాలీ అడుగున ఉంటుంది. నేను 22 ఏళ్లలో చూసిన దృశ్యం ఇదే. ఆ తలుపు దగ్గర విమానం పోగొట్టుకున్నవాళ్లు రోడ్డు మీద పోగొట్టుకున్నవాళ్లకంటే తక్కువేమీ కాదు.

దీనికి ఒకటే పని చేస్తుంది. అందరి పాస్‌పోర్టులు, ప్రింట్ తీసిన టికెట్లు ఒకే పర్సులో, ఆ పర్సు ఒకే మనిషి మెడలో. ఇంటి నుంచి ఇంటి దాకా అది చేతులు మారకూడదు. మిగతావాళ్లు ఆ మనిషిని "ఉన్నాయా?" అని అడగవచ్చు గానీ తీసుకోకూడదు. ఆలస్యమైనప్పుడు ఒకరు సామాను వదిలేసి తన టికెట్, పాస్‌పోర్టుతో ముందు లోపలికి వెళ్లి కౌంటర్లో చెప్పాలి, "ఢిల్లీ విమానం, ఇంకో నలుగురు తలుపు దగ్గర ఉన్నారు" అని. టైము ఇంకా మూడు నాలుగు నిమిషాలున్నా సిబ్బంది మిగతావాళ్లను క్యూ తప్పించి పిలుస్తారు. నేనే ఎన్నోసార్లు పిలిచాను. చెప్పకపోతే మాత్రం మీరు గేటు బయట ఉన్నారో గుంటూరులో ఉన్నారో మాకు తెలియదు.

వెబ్ చెక్-ఇన్ చేశాం కదా అనేవాళ్లకు: పెద్ద పెట్టెలు ఉంటే అది సగం సాయమే. పెట్టెలు ఇచ్చే కౌంటర్ కూడా ఆ గంట ముందే మూతపడుతుంది. చేతి సంచీతో ఒక్కరే వెళ్లేవాళ్లకు మాత్రం బోర్డింగ్ గేటు మూసేదాకా, అంటే మామూలుగా 25 నిమిషాల ముందు దాకా, ఆశ ఉంటుంది.

ఇక రెండో విమానం. ఇది రాయాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. డిసెంబర్ ప్రయాణం కోసం మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. 5:31కి మీ ఢిల్లీ విమానం పోయింది. లండన్ విమానం 2:40కి. మధ్యలో తొమ్మిది గంటలు. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో రెండుంబావు గంటల ప్రయాణం. సాయంత్రం నుంచి రాత్రి దాకా వేర్వేరు సంస్థల విమానాలు చాలా ఉంటాయి. ఎనిమిది, తొమ్మిది గంటల ప్రాంతంలో ఏదో ఒక విమానంలో ఐదు సీట్లు దొరికి ఉంటే పదకొండున్నరకు ఢిల్లీలో ఉండేవారు. ఖర్చు ఎక్కువయ్యేది, కానీ లండన్ టికెట్లు దక్కేవి. ఐదు కలిపి దొరక్కపోతే ముగ్గురు ఒక దాంట్లో, ఇద్దరు ఇంకో దాంట్లో. మీరు రాసిన ప్రకారం ఆ టైములో మీ ఆయన తన తమ్ముడితో ఫోన్‌లో గొడవపడుతున్నారు, మీరు పిల్లలను ఊరుకోబెడుతున్నారు, అత్తగారు కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నారు. ఎనిమిదిన్నరకు కారెక్కి వెనక్కి వెళ్లిపోయారు. ఎవరూ వేరే విమానం చూడలేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఆ టెన్షన్‌లో బుర్ర పనిచేయదు, నాకు తెలుసు. అందుకే ఆ పని ఎవరిదో ముందే అనుకోవాలి. "విమానం తప్పితే ఎవరి మీద కోపమున్నా రాత్రికి చూసుకుందాం, నువ్వు తర్వాతి విమానం వెతుకు, నేను సంస్థకు ఫోన్ చేస్తాను" అని ఇంట్లో ఉండగానే చెప్పుకోవాలి.

ఆ ఫోన్ ఎందుకు ముఖ్యమో మా అక్క విషయంలో నాకు బాగా తెలిసొచ్చింది. అక్క డాలస్‌లో ఉన్న కూతురి పురుడుకు బయల్దేరింది. తెనాలి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చింది. కౌంటర్లో వీసా అడిగారు. అమెరికా వీసా పదేళ్లది, అది పాత పాస్‌పోర్టులో ఉంది. కొత్త పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు పాతదాని మూల కత్తిరించి ఇస్తారు. మూల కత్తిరించారు కాబట్టి ఇక పనికిరాదనుకుని అక్క దాన్ని బీరువాలో చీరల కింద పెట్టి వచ్చింది. వీసా గడువు మిగిలుంటే ఆ పాతదీ కొత్తదీ రెండూ చేతిలో ఉండాలి. నేను ఆ ఉద్యోగంలోనే ఉండి కూడా బయల్దేరే ముందు "పాతది పెట్టుకున్నావా" అని అడగలేదు. ఆ రోజు అక్క ముఖం ఇప్పటికీ గుర్తే. అయితే విమానం లేవడానికి ఇంకా రెండున్నర గంటలుంది. వెంటనే సంస్థకు ఫోన్ చేసి టికెట్ రెండు రోజులు వెనక్కి జరిపించాను. మార్పు ఫీజు, ఛార్జీల తేడా కట్టాం. టికెట్ మిగిలింది. ముందు చెప్పకుండా రాకపోతే, దాన్ని నో-షో అంటారు, తిరుగు ప్రయాణంతో సహా మొత్తం టికెట్ రద్దయిపోతుంది.

మీకు వెంటనే చెప్పాల్సింది ఇదే. మీ లండన్ టికెట్లో తిరుగు ప్రయాణం కూడా ఉంటే, అది ఉంది కదా అని దాన్ని నమ్ముకుని ఒకవైపు టికెట్ కొనకండి. మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి తిరుగు సీటు రద్దయి ఉంటుంది. రేపు పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోండి.

డబ్బుల విషయం. అసలు టికెట్ ధర చాలావరకు పోయినట్టే. కానీ అంతా పోలేదు. విమాన సంస్థలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ప్రయాణించని టికెట్ మీద వసూలు చేసిన చట్టబద్ధమైన పన్నులు, విమానాశ్రయం కోసం టికెట్‌లో కలిపే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటివి తిరిగి ఇవ్వాలి. నో-షో అయినా, తిరిగి ఇవ్వని ఆఫర్ టికెట్ అయినా సరే. అడగకపోతే చాలాసార్లు రావు. ఢిల్లీ టికెట్‌కు సంస్థ వెబ్‌సైట్‌లో రిఫండ్ కోరుతూ రాయండి. ఏజెంటు దగ్గర కొన్నా బాధ్యత విమాన సంస్థదే, "ఏజెంటును అడగండి" అని తోసేస్తే ఒప్పుకోకండి. స్పందన లేకపోతే పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టవచ్చు. లండన్ టికెట్ విదేశీ సంస్థదైతే వాళ్ల దేశపు నిబంధనలు వర్తిస్తాయి. అయినా వాడని పన్నులు తిరిగి ఇవ్వమని అడగండి. తిరుగు టికెట్లో బ్రిటన్ వసూలు చేసే ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ కూడా ఉంటుంది. ప్రయాణ బీమా తీసుకుని ఉంటే ఆ కాగితాలు తీయండి. కొన్ని పాలసీల్లో దారిలో బండి ఆగిపోయి విమానం తప్పితే పరిహారం ఉంటుంది. పంక్చర్ షాపు బిల్లు లేకపోయినా, ఆయనకు మీరు ఫోన్‌లో పంపిన డబ్బు రికార్డు ఉంటుంది. ఫాస్టాగ్ మెసేజ్‌లలో ఏ టోల్ ఎన్ని గంటలకు దాటారో ఉంటుంది. ఏదీ డిలీట్ చేయకండి.

డిసెంబర్ సంగతికి వద్దాం. వేర్వేరు టికెట్లు మాత్రం కొనకండి. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థదే. వేర్వేరు టికెట్లయితే రెండో సంస్థకు మీతో సంబంధం లేదు. పైగా డిసెంబర్, జనవరిలో ఢిల్లీలో పొగమంచు. తెల్లవారుజామున విమానాలు గంటల తరబడి ఆగుతాయి. హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా విమానం ఉంది. పెద్దావిడ, పిల్లలు ఉన్నారు కాబట్టి కాస్త ఎక్కువైనా అదే చూడండి. ఢిల్లీ మీదుగానే అయితే గన్నవరం నుంచి కూడా విమానాలున్నాయి, గుంటూరుకు పక్కనే. లండన్ దాకా ఒకే టికెట్‌గా దొరుకుతుందేమో అడగండి. శంషాబాద్ నుంచే అయితే ముందు రోజు వచ్చి ఆ దగ్గర్లో ఒక రాత్రి లాడ్జిలో ఉండండి. రెండు గదుల అద్దె ఒక్క టికెట్ మార్పు ఫీజుకు కూడా రాదు.

తేదీ మాత్రం అందరూ కూర్చుని ఒకసారి చూసుకోండి. అర్ధరాత్రి దాటాక ఉండే విమానాల విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మన లెక్కలో తెల్లవారితేనే రోజు మారుతుంది, టికెట్ లెక్కలో రాత్రి పన్నెండుకే మారిపోతుంది. ఒకసారి జగిత్యాల వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కొడుకు దుబాయ్ వెళ్లాలి. టికెట్ మీద 15వ తేదీ 02:10. వాళ్లు 15 రాత్రి పదకొండుకు వచ్చారు. ఆ విమానం వెళ్లి ఇరవై గంటలు దాటింది. తండ్రి టికెట్ కాగితం నా ముందు పెట్టి, 15 అనే అంకె కింద బొటనవేలు పెట్టి, "ఇయ్యాల పదిహేనే కద సార్" అన్నాడు. ఆ వేలు అక్కడి నుంచి తీయలేదు. నా దగ్గర జవాబు లేదు. మీకు 2:40 విమానం ఉంటే, దాని పక్కన "14 రాత్రి భోంచేసి బయల్దేరాలి" అన్నట్టు మన మాటల్లో రాసి పెట్టుకోండి.

వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం రెండు రోజుల ముందైనా చెప్పండి. అక్కడికి వచ్చాక అడిగితే ఇరవై నిమిషాలు నిలబడాలి. పెట్టెలు ఇంట్లోనే తూచండి, చేత్తో పట్టుకునే తూకం బజార్లో దొరుకుతుంది. కౌంటర్ ముందు నేల మీద పెట్టె తెరిచి ఆవకాయ ఒకవైపు, స్వెటర్లు ఒకవైపు సర్దుకునే కుటుంబాలకు ఆ పదిహేను నిమిషాలు చాలా ఖరీదు. పవర్ బ్యాంకులు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచీలోనే. ఎండుకొబ్బరి పెద్ద పెట్టెలో పెట్టకండి. అందులోని నూనె వల్ల అంటుకునే ప్రమాదం ఉందని ఒప్పుకోరు, తీయించేస్తారు. పాస్‌పోర్టులో పేరు, ఇంటిపేరు ఏ వరసలో ఉన్నాయో టికెట్‌లోనూ అలాగే ఉండాలి. తేడా కనిపిస్తే కొన్న 24 గంటల్లోపే ఫోన్ చేయండి.

ఈసారి పాస్‌పోర్టుల పర్సు ఎవరి మెడలో ఉండాలో మీరే నిర్ణయించుకోవాలి. నన్నడిగితే అత్తగారికే ఇవ్వమంటాను. డిక్కీ దించే పని, ట్రాలీ తోసే పని ఆవిడకు ఉండదు, కుర్చీలో కూర్చుని ఉంటారు. జాగ్రత్త కూడా మీ అందరికంటే ఆవిడకే ఎక్కువ. ఈ రాత్రి ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని, దీపం పెట్టిన ఆ పది నిమిషాల వల్ల విమానం పోలేదని, ఇన్నేళ్లు కౌంటర్లో కూర్చున్న ఒకాయన లెక్క వేసి మరీ చెప్పాడని చెప్పండి.